మోదుగ కొమ్మ

పోయిన వారం కృష్ణమ్మను పశువుల కొట్టంలో గడ్డిమోపు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో ఇత్తడి బిళ్ళ. అడవులు చూసుకునే సర్కారు కచేరీని జనం జంగ్లాత్ అంటారు కదా, ఆ జంగ్లాత్ వాళ్ళు ఎండాకాలపు వాచర్ల నడుముకు కట్టించే బిళ్ళ అది. దాని తోలుపట్టీ సగం కాలి నల్లబడింది. మిగిలిన సగానికి ఎర్ర దారం, పచ్చ దారం కలిపి అల్లిన తాడు. అలాంటి అల్లిక దూద్‌బౌలి మొత్తం మీద పక్కింటి రాబియాకు తప్ప మరొకరికి రాదు. అంటే బిళ్ళ రాబియా మొగుడు నజీర్‌ది.

ఇవాళే కథలోకి అడుగుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. దూద్‌బౌలిలో నడుమ ఒక్క గోడతో బతికే ఇళ్ళు రెండు. ఒకటి పాలమ్ముకునే బీరయ్య, కృష్ణమ్మలది. రెండోది నజీర్, రాబియాలది. రాబియా లక్క గాజులు చేస్తుంది. మగవాళ్ళిద్దరూ ఏటా శివరాత్రి వెళ్ళగానే సద్దిమూట కట్టుకుని ఎర్రలొద్ది అడవికి పోతారు. పెద్ద దొరలు వేటాడే శికారు కోసం అట్టిపెట్టిన అడవి అది. ఎండలకు అది అంటుకోకుండా కాపలా కాయడం వీళ్ళ పని. మిరుగం అనే మృగశిర కార్తె వాన పడిందా, బిళ్ళలు అప్పజెప్పి ఇంటికి రావాలి. వానకు ముందు వచ్చిన వాచరు లేడు. ఈ ఏడు మాత్రం రోళ్ళు పగిలే ఎండల్లో బీరయ్య ఒక్కడే వచ్చాడు. వెనకాలే కొత్వాలీ జవాన్లు, అంటే పోలీసులు, రాబియా ఇంటి మీదికి వచ్చారు. నజీర్ బీడీ తాగి పారేస్తే అడవి అంటుకుందట, భయపడి పరారయ్యాడట. ఆ మాట జంగ్లాత్ దరోగా ముందు చెప్పి వేలిముద్ర వేసి వచ్చినవాడు బీరయ్యే. ఆ సంగతి రాబియాకు తెలియదు.

మరి పరారైనవాడి బిళ్ళ తమ గడ్డిమోపులోకి ఎలా వచ్చింది? కృష్ణమ్మ మనసులోకి ఒక ఆలోచన రానే వచ్చింది. దాన్ని పక్కకు తోసేసి, బిళ్ళను కొంగులో ముడి వేసుకుని, మొగుడి కోసం కొట్టం గడప మీద కూర్చుంది.

బీరయ్య బర్రెలను మూసీలో కడిగి తోలుకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అడవి నుంచి వచ్చింది మొదలు అతనిది ఇదే వరస. తెల్లవారగానే బర్రెలతో పోతాడు, ఎవరి కంటా పడకుండా వస్తాడు, పెట్టింది తిని గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఏమడిగినా దొంగకు తేలు కుట్టినట్టు ఉలకడు, పలకడు. ఎండదెబ్బేమోనని కృష్ణమ్మ సబ్జా నీళ్ళు తాగించింది. దిష్టి తీసింది. దర్గా నుంచి తాయెత్తు తెప్పించి చేతికి కట్టించింది. ఎండలో నడిచిపోయి ఆ తాయెత్తు తెచ్చిచ్చింది రాబియాయే.

"ఇది యాడిది?" అంది కృష్ణమ్మ కొంగు ముడి విప్పి.

బీరయ్య చేతిలో పలుపు జారిపోయింది. బర్రె తన పాటికి తాను వెళ్ళి కుడితి గాబులో మూతి పెట్టింది.

"గడ్డిల చెయ్యెందుకు వెట్టినవే?"

"బర్లకు గడ్డెయ్యనీకె సుత నీ ఇజాజత్ తీస్కోవాల్నా? నేనేమడిగిన, నువ్వేం జెప్తున్నవ్? నజీరన్న బిళ్ళ మనింట్ల ఎందుకున్నది?"

"మెల్లగ మాట్లాడు. గోడవతలికి ఇనొస్తది."

"ఇనొద్దంటె నాకు జెప్పు. చెప్పకుంటె నేనే పోయి రాబియా చేతిల వెడ్త. ఇగో, నీ అల్లిక మా గడ్డిల దొరికింది చెల్లే, ఎట్లొచ్చిందో మా ఆయన్ని అడుగు అంట."

అంత నోరున్న ఆడది ఆ గల్లీలో మరొకతె లేదు. అంటే అనేస్తుందని బీరయ్యకు తెలుసు. బర్రెను కట్టేశాడు, కొట్టం తలుపు దగ్గరకు వేశాడు, పేడ తట్ట పక్కన చతికిలబడ్డాడు. చేతుల వంకే చూసుకున్నాడు. మోచేతుల దాకా కాలిన మచ్చలు. కృష్ణమ్మ రోజూ వెన్న రాస్తున్న మచ్చలే అవి.

"నజీర్ భాయ్ పరార్ గాలే," అన్నాడు. "సచ్చిపోయిండు."

కృష్ణమ్మ తోసేసిన ఆలోచన తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు ఈ మాట కడుపులో పెట్టుకుని తను వడ్డించిన అన్నం ఎలా తిన్నాడు అని కోపం.

"ఎట్ల?"

"నేనే సంపిన."

ఇక్కడ వాచర్ల పని సంగతి కొంచెం చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే బీరయ్య చేసిన తప్పు అర్థం కాదు.

అడవిలో వాచర్లు చౌకీ అనే కాపలా గుడిసెలో జంటగా ఉంటారు గానీ జంటగా తిరగరు. ఒకడు గుట్ట ఎక్కి పొగ కోసం చూస్తుంటే ఇంకొకడు బాటల మీద రాలిన ఆకు ఊడుస్తాడు. మంట వచ్చినా ఊడ్చిన బాట దాటదని. ఇద్దరి నడుమ మాట అందనంత దూరం. అందుకని వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరి పద్ధతి అంటే చెప్పలేం, తాతల నాటిది. బాట చీలిన చోట, పోయేవాడు పచ్చి కొమ్మ ఒకటి విరిచి నేల మీద పెడతాడు. ఆకులు ఎటు చూస్తే మనిషి అటు పోయినట్టు. ఎవరి చెట్టు వాళ్ళది. బీరయ్యది మోదుగ, నజీర్‌ది తునికి. ఇంకొక్క నియమం ఉంది, అదే అన్నిటికన్నా గట్టిది. పెట్టినవాడు తిరిగి రాగానే తన కొమ్మ తానే తీసి పారెయ్యాలి. మరొకడు ముట్టరాదు. తీయని కొమ్మ అబద్ధం చెబుతుంది. అడవిలో అబద్ధం చెప్పే కొమ్మ కన్నా పులి నయమని ముసలి వాచర్లు అంటారు.

"ఆ దినం పొద్దుగాల నేను వాగుకు పోయిన, నీళ్ళకు," అన్నాడు బీరయ్య. "చీలిక కాడ మోదుగ కొమ్మ వెట్టిన, వాగు దిక్కు. నీళ్ళు ముంచుకుని ఎనుకకు మళ్ళంగ తొవ్వల ఎలుగు, దాని ఎంబడి పిల్లలు. గందుకని అడ్డంబడి గుట్ట మీదికెల్లి చౌకీకి వచ్చిన. చీలిక కాడికి రానే లే. కొమ్మ అట్లనే ఉన్నది. నేను మర్షిపోయిన."

"మరి నజీరన్న?"

"జుమ్మా గద. వాగుకు వోయి తానం జేసి నమాజ్ జేస్కోనొస్త అన్నడు. ఫికర్ జెయ్యకు బీరన్నా, బుక్కెడు సేపట్ల వస్త అని నవ్వుకుంట పోయిండు. జర సేపటికి గుట్టెనుక పొగ లేషింది. ఇప్పపూలు ఏరెటోళ్ళు చెట్ల కింద ఆకు కాలవెట్టుకుంటరు, గట్ల లేషిన మంటే అది. బీడీ లేదు, ఏం లేదు. గాలి మా దిక్కే ఉన్నది. ఉరికిన. చీలిక కాడ చూస్తె కొమ్మ. వాగు దిక్కు. వాగుల ఉన్నడు, నీళ్ళల్ల ఉన్నడు, నజీర్ భాయ్‌కి ఏం గాదనుకున్న. ఎదురుమంట పెట్టిన."

వచ్చే మంటకు ఎదురుగా మనమే మంట పెడితే, నడుమ ఉన్న గడ్డి ముందే కాలిపోయి పెద్ద మంటకు మేత దొరకదు. రెండూ ఒకదాన్నొకటి తిని చల్లారతాయి. ఎండాకాలపు వాచరుకు ఉన్న ఒకే ఒక్క ఆయుధం అది. కానీ ఆ నడుమ ఉన్నది ఏదైనా బతకదు.

"పెట్టే ముందుగాల ఒర్రాలె గద," అంది కృష్ణమ్మ. ఏటా మొగుడు చెప్పే అడవి ముచ్చట్లు విని విని ఆమెకూ ఆ పని సగం వచ్చు. "పేరు వెట్టి పిలుస్తమని నువ్వే జెప్తుంటివి."

బీరయ్య తల అడ్డంగా ఊపాడు. "ఒర్రలే. కొమ్మ ఉన్నది గద అనుకున్న."

ఆ తరవాతది అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నజీర్ వాగుదాకా పోనే లేదు. దారిలో పొగ చూసి, స్నానం మానుకుని, పచ్చి మండలు విరుచుకుని మంటను కొట్టడానికి గుట్ట ఎక్కాడు. చీలిక దగ్గర తన తునికి కొమ్మ కూడా పెట్టాడు, గుట్ట వైపు. పక్కా మనిషి, ఎంత తొందరలోనూ నియమం తప్పలేదు. బీరయ్య దాన్ని చూడలేదు. మోదుగ కొమ్మ ఒక్కటే చూశాడు. తాను విరిచిందే, తాను పెట్టిందే, తాను తీయనిదే. ఎవరి కొమ్మ అని ఆకు వంక చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు. మంట చల్లారాక వెనక్కి వచ్చి రెండు కొమ్మలూ చూసుకుని, అప్పుడు అరిచాడట నజీర్ పేరు. అప్పటికి అరిచి ఏం లాభం?

"దొరకవట్టి భుజాన ఏస్కున్న," అన్నాడు బీరయ్య. "చౌకీ కాడికి తెచ్చేవరకు అయిపోయిండు. మోదుగు చెట్ల కింద గొయ్యి తీషి నా చేతుల్తోని పెట్టిన. దరోగా ఆనందరావు వచ్చిండు. వాచర్లల్ల సగం మందిని ఆయన మామిడితోటకు కాపలా వెట్టుకుండు, గది బయటవడ్తదని ఆయన బుగులు ఆయనది. మంట వెట్టింది నువ్వు, మనిషి సచ్చిండు, ఖూనీ కేసయితది, ఉరే అన్నడు. వాడు బీడీ పారేషి ఉరికిండని జెప్పు, నీ మెడ నీకుంటది అన్నడు. బిళ్ళ ఇప్పిచ్చి, వాగుల పారేసి పో అన్నడు. నాతోని గాలే. పారెయ్యలేక పోయిన."

కృష్ణమ్మ లేచి పాలచెంబు అందుకుని బర్రె కింద కూర్చుంది. పొదుగు నిమిరింది, చన్నులు కడిగింది. బర్రె పాలు చేపలేదు. పాడిమనిషి మనసులో ఉన్నది బర్రెకు ముందు తెలుస్తుందంటారు.

"రాబియాకు జెప్పకు," అన్నాడు బీరయ్య వెనకనుంచి. "నీ కాళ్ళు మొక్కుత. జెప్తె కొత్వాలీకి ఉరుకుతది. నన్ను ఉరి తీస్తరు. అప్పుడు నీకెవలున్నరే?"

కృష్ణమ్మకు నిజంగానే ఎవరూ లేరు. పిల్లలు లేరు, పుట్టిల్లు లేదు. ఉన్నది ఈ మొగుడు, ఈ బర్రెలు, గోడ అవతల రాబియా. మొగుణ్ణి దక్కించుకుంటే రాబియా మొహం చూడలేదు. రాబియాకు నిజం చెబితే మొగుడు దక్కడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని ఊరికే అనరు. ఆమె చెంబు ఎత్తి చూసింది. అడుగున నాలుగు చుక్కలు. చెప్పకూడదనే నిశ్చయించుకుంది. ఈ పాపం ఏదో నా తలమీదే ఉండనీ అనుకుంది. పొద్దుటి పాలు కొన్ని మిగిలితే వాటినే చిన్న గిన్నెలో పోసుకుని, రోజూ పోసినట్టే పోయడానికి పక్కింటికి బయల్దేరింది.

రాబియా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. నజీర్ పరారయ్యాడని జవాన్లు చెప్పిపోయిన నాటి నుంచి ఆ తలుపుకు గొళ్ళెం లేదు. పగలూ లేదు, రాత్రీ లేదు. ఆడది ఒంటరిగా ఉండి తలుపు తెరుచుకు పడుకుంటుందని గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. బీదర్ నుంచి ఆమె అన్న వచ్చి తనతో రమ్మన్నాడు. పోలేదు. మొగుడు రాత్రిపూట దాక్కుంటూ వస్తే తలుపు ఎవరు తీస్తారని అడిగింది. అన్న తిట్టి వెళ్ళిపోయాడు.

లోపల కుంపటిలో బొగ్గులు రాజుకుని ఉన్నాయి. రాబియా దాని ముందు కూర్చుని కర్రకు అంటించిన లక్కను వేడి మీద తిప్పుతోంది. పక్కనే పళ్ళెం, మీద మూత. అది ఎవరి పళ్ళెమో కృష్ణమ్మకు తెలుసు. రోజూ వండుతుంది, రోజూ మూత పెడుతుంది, తెల్లారి ఫకీరుకు వేస్తుంది.

"రా అక్కా, కూసో," అంది రాబియా. ఆమె మొహం కళగా ఉంది. అదే కృష్ణమ్మ చూడలేకపోయింది. "ఈయాల జవాన్లు మల్ల వచ్చిండ్రు. యాడ దాష్‌పెట్టినవ్ చెప్పు అని మస్తు లొల్లి జేషిండ్రు. నేను నవ్విన. నవ్వుతవేంది అని ఇంక గరమైండ్రు."

"నవ్వుడెందుకే?"

"నవ్వకేం జెయ్యాలె? పరార్ అంటే బతికున్నట్టే గద అక్కా. ఆయన బీడీ తాగడని నాకెర్క, నీకెర్క. ఎవలో ఆయన మీద ఎత్తేషిండ్రు. ఎత్తెయ్యనీ. జైలైనా మంచిదే. జైల్ల మనిషి సచ్చిపోడు. నయాపూల్ కాడ అదాలత్ ముంగట నిలవడితె ఏదో ఒకనాడు బేడీలతోనన్న చూస్త. నువ్వు చూడక్కా, మిరుగం నాటికి వస్తడు. ఏ ఏడాదన్న మిరుగం తప్పిండా ఆయన? వాన మొగులు వట్టంగనే తొవ్వల వడ్తడు."

చేతిలోని లక్క మెత్తబడింది. రాబియా దాన్ని సాగదీసి గాజుగా చుట్టింది. ఆకుపచ్చ రంగు. "ఇవి నాకే," అంది కొంచెం సిగ్గుపడి. "అమ్మనీకె గాదు. ఆయనొచ్చిన నాడు ఏస్కుంట."

కృష్ణమ్మ గట్టి మనిషే. కాన్పులు చేసింది, చచ్చిన దూడలను కడుపులోంచి లాగింది, పసిపిల్లలను మట్టిలో పెట్టిన ఇళ్ళకు ముందుగా పోయి కూర్చుంది. ఇంతకు ముందు క్షణం దాకా నోరు కుట్టుకునే ఉండాలనుకుంది. కానీ ఆ ఆకుపచ్చ గాజు చూశాక ఆమె నిశ్చయం నిలవలేదు. ఇది ఈ ఏడుతో పోయేది కాదు. ఇంకో మిరుగం వస్తుంది, ఇంకోటి వస్తుంది. ఈ పిచ్చిది ముసలిదయ్యేదాకా తలుపు తెరుచుకుని కూర్చుంటుంది. తను గోడ ఇవతలినుంచి చూస్తూ పాలు పోస్తుంది.

"రాడు చెల్లే," అంది. నోరు దాటిన తరవాత గానీ తానే అన్నట్టు తెలియలేదు.

"ఏంది?"

"నజీరన్న రాడు. మంటల వడ్డడు. అడివిల మంట వెట్టింది మా ఆయనే. ఎదురుమంట. నజీరన్న వాగుల ఉన్నడనుకుని వెట్టిండు. గుట్ట మీద ఉన్నడని ఎర్కలే. బీడీ అబద్దం, పరారీ అబద్దం. ఆయనే గొయ్యి తీషి ఆడ్నే మట్టిల పెట్టిండట."

కర్ర చివరన మిగిలిన లక్క కుంపటిలో పడింది. గది నిండా కమురు వాసన. రాబియా దాన్ని తీయలేదు. కృష్ణమ్మ బిళ్ళను ఆమె ఒళ్ళో పెట్టింది. రాబియా దారం అల్లికను తిప్పి తిప్పి చూసింది, కాలిన చోట వేలు పెట్టి చూసింది. కొత్వాలీ అనలేదు. బీరయ్యను తిట్టలేదు. గుండె బాదుకోలేదు. బాదుకుంటే బాగుండునని కృష్ణమ్మకు అనిపించింది.

"అక్కా," అంది చివరికి. గొంతు మామూలుగానే ఉంది. "మొహం ఎటు వెట్టిండు?"

"ఏంది చెల్లే?"

"మావోళ్ళను మట్టిల పెడ్తె కిబ్లా దిక్కు మొహం దిప్పుతరు. పడమటి దిక్కు. కుడి పక్కకు ఒరిగిచ్చి పండవెడ్తరు. తానం చేపిచ్చేటోళ్ళు లేకున్నా, నమాజ్ సదివేటోళ్ళు లేకున్నా మొహమన్న గటు ఉండాలె. బీరన్నకు ఎర్కేనా? ఇన్నేండ్లు ఆయనతోని ఉన్నడు గద. ఎర్కే ఉంటది గద?"

కృష్ణమ్మకు తెలియదు. అంతటి మాట విన్నాక ఈ మనిషి అడిగేది ఇదొక్కటే అయితే, దానికైనా జవాబు తెచ్చివ్వాలి అనిపించింది. "అడిగొస్త," అని లేచింది. గిన్నెలో పాలు గిన్నెలోనే ఉండిపోయాయి.

బీరయ్య కొట్టంలో అదే చోట, అదే తీరున కూర్చుని ఉన్నాడు. పెళ్ళాం మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది.

"జెప్పినవా?"

"జెప్పిన. ఉరే పడనీ, ఏమన్న గానీ, జెప్పిన. నన్ను తిట్టేది తర్వాత తిట్టు. ముందుగాల నేనడిగిందానికి జవాబియ్యి. నజీరన్నను పెట్టినప్పుడు మొహం ఎటు వెట్టినవ్? పడమరకు వెట్టినవా?"

బీరయ్య కళ్ళు అటూ ఇటూ తిరిగి నేల మీద నిలిచాయి. కృష్ణమ్మ మొగుడి మొహం చదవడం పెళ్ళయిన ఏడే నేర్చుకుంది. అబద్ధం ఆడేముందు అతను ఇలాగే నేల చూస్తాడు. కానీ ఈసారి ఆడటానికి ఏదీ దొరకడం లేదు.

"యాది లేదా? చెప్పవేందయ్యా? ఆ పిల్ల ఆడ కూసోని ఉన్నది. ఒక్క మాట. పడమరనా, కాదా?"

"నేను పూడ్వలే," అన్నాడు బీరయ్య.

"నా చేతుల్తోని పెట్టిన అంటివి!"

"గొయ్యి తవ్విన. దరోగా తవ్వుమంటె తవ్విన. గంతే." అతని గొంతు పూర్తిగా కిందికి దిగిపోయింది. "చౌకీల మంచం మీద పండుకోవెట్టినం. ఊపిరున్నది. కండ్లు కనిపిస్తలేవు గానీ ఊపిరున్నది. ఇగ ఎంతసేపో ఉండడు, దవఖానకు మోసుకపోతె తొవ్వల్నే పోతడు, సంగతంత బయటికొస్తది అన్నడు దరోగా. నువ్వు గొయ్యి తవ్వి ఇంటికి పో, కడమది నేను చూస్కుంట అన్నడు. తవ్వుతాంటె ఇంటున్నడు నజీర్ భాయ్. గడ్డపార చప్పుడు ఇంటున్నడు. బీరన్నా అని పిలిషిండు. నీళ్ళడిగిండు. నేను మూట సదురుకున్న. వచ్చేసిన."

కృష్ణమ్మ ఇంతసేపూ మొగుడు చేసింది ఒక మరుపు అనుకుంది. మరుపుకు ఉరి వేయకూడదని దేవుడితో వాదించుకుంటూ ఉంది. ఇప్పుడు ఏమని వాదించుకోవాలి?

తలుపు దగ్గర అలికిడి అయింది. రాబియా గోడ చుట్టి వచ్చి ఎప్పటినుంచి నిలబడిందో ఏమో. నెత్తిన దుపట్టా లేదు. చేతిలో బిళ్ళ.

బీరయ్య మోకాళ్ళ మీదికి లేచాడు. "రాబియమ్మా..."

"ఇచ్చినవా?" అంది రాబియా బీరయ్య వైపే చూస్తూ.

"ఏంది చెల్లే?"

"నీళ్ళు. నీళ్ళడిగిండంటివి గద. ఇచ్చినవా?"

పీర్ల పండుగకు ఈ గల్లీ మొగన కుండలు నింపి, దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి నీళ్ళు తాగించే ఇల్లు రాబియాది. ప్రతి ఏడూ ఆ కుండలు మోసేది బీరయ్య. అతను తల పైకెత్తలేదు. జవాబు అక్కర్లేకుండానే రాబియాకు తెలిసిపోయింది. గుమ్మం పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి కళ్ళలో నీళ్ళు లేవు.

"లే అన్నా. నన్ను తోల్కపో."

"ఇప్పుడు పోయి ఏం జేస్తవమ్మా?" బీరయ్య ఏడుస్తున్నాడు. "పక్షం దినాలాయె. గంతగనం కాలిన మనిషి... ఎట్ల ఉంటడు చెప్పు. దరోగా చూస్తె నన్నూ నిన్నూ ఇద్దర్నీ వట్టిస్తడు. ఉన్నడనుకోకు చెల్లే. ఆశ వెట్టుకోకు."

"ఆశ నేను వెట్టుకుంటలేను. నువ్వు తవ్వినవ్ గద ఒక గొయ్యి. ఆడికి తోల్కపో. అది నిండి ఉన్నదా, ఉత్తగ ఉన్నదా, నా కండ్లతోని చూస్త."

బీరయ్య పెళ్ళాం వైపు చూశాడు, వద్దని చెప్పమన్నట్టు. కృష్ణమ్మకు ఆ చూపు అర్థమైంది. ఆ దారిన పోతే ఈ మనిషి తిరిగి ఇంటికి రాడనీ తెలుసు. లోపలికి వెళ్ళింది. చూరులో దోపి ఉన్న, ఏటా అతను అడవికి పట్టుకుపోయే దుడ్డుకర్ర తీసుకొచ్చి, మొగుడి ముందు నేల మీద పెట్టింది.